కొత్త కన్సోల్ బలమంతా ఎటు పోతోంది?

2023 ఆగస్టులో ‘ఇమ్మోర్టల్స్ ఆఫ్ అవీమ్’ అనే షూటింగ్ గేమ్ వచ్చింది. పాత కన్సోళ్లను పక్కనపెట్టి, కొత్త తరం యంత్రాల కోసమే అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద కట్టిన గేమ్ అది. పరీక్షించినవాళ్లు పిక్సెళ్లు లెక్కపెట్టి చూస్తే, సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లోనూ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ లోపల తయారవుతున్న బొమ్మ 720పీ (పైనుంచి కిందికి 720 వరసల పిక్సెళ్లు) మాత్రమేనని తేలింది. చౌక మోడల్ సిరీస్ ఎస్‌లో 436పీ. ఆ చిన్న బొమ్మనే సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి టీవీ మీద చూపిస్తున్నారు. 720పీ అనేది 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చిననాటి కొలత. ఆ యంత్రానికి ఉన్న మెమరీ 512 ఎంబీ, సిరీస్ ఎక్స్‌కు ఉన్నది 16 జీబీ. ఇంత బలం పెరిగాక కూడా బొమ్మ మళ్లీ అక్కడికే ఎందుకు వచ్చింది?

హార్డ్‌వేర్ బలంగా ఉంటే గేమ్‌లు బాగుంటాయా అని అడిగితే చాలామంది ఠక్కున అవునో కాదో తేల్చేస్తారు. అలా తేలే విషయం కాదిది. కన్సోల్‌లో బలం అని ఒకటే ఉండదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, మెమరీ, స్టోరేజ్ దేనికదే. ఏది పెరిగింది, ఏ అడ్డంకి తొలగింది, ఆ మిగులును గేమ్ తీసినవాళ్లు దేనిమీద ఖర్చుపెట్టారు అన్నవి చూడాలి. ప్రకటనల్లో ఊదరగొట్టేది ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్ గురించే. ఆట తీరును మార్చే సత్తా ఈ నాలుగింటిలో అన్నిటికన్నా తక్కువ ఉన్నదీ దానికే.

టెరాఫ్లాప్ అంకె ఎలా పుడుతుంది

పీఎస్5 అనగానే అందరి నోటా నానే అంకె 10.28 టెరాఫ్లాప్‌లు. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. దాని వెనక ఉన్నది మామూలు గుణకారమే. గ్రాఫిక్స్ చిప్‌లో 36 కంప్యూట్ యూనిట్లు ఉంటాయి. ఒక్కో యూనిట్‌లో లెక్కలు చేసే విభాగాలు 64. ఒక్కో విభాగం క్లాక్ కొట్టిన ప్రతిసారీ ఒక గుణకారం, ఒక కూడిక, అంటే రెండు లెక్కలు చేస్తుంది. క్లాక్ వేగం 2.23 గిగాహెర్ట్జ్. 36 × 64 × 2 × 2.23 చేస్తే సుమారు 10,280 గిగాఫ్లాప్‌లు. సిరీస్ ఎక్స్‌కు ఇదే లెక్క 52 × 64 × 2 × 1.825, అంటే 12.15 టెరాఫ్లాప్‌లు. కాగితం మీద 18 శాతం ఎక్కువ.

రెండు కన్సోళ్లలోనూ వచ్చే గేమ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ 18 శాతం చాలాసార్లు కంటికి ఆనదు. 2020 నవంబరులో ‘అసాసిన్స్ క్రీడ్ వాల్‌హాలా’ విడుదలైనప్పుడైతే పీఎస్5లోనే నిలకడగా నడిచింది. కారణం ఏమిటంటే, టెరాఫ్లాప్ కొలిచేది లెక్కలు చేసే విభాగాలన్నీ ఒక్క క్షణం కూడా ఖాళీ లేకుండా పనిచేస్తే ఎన్ని లెక్కలు అవుతాయన్నది. నిజం గేమ్‌లో అవి ఎప్పుడూ అలా పనిచేయవు. మెమరీ నుంచి డేటా వచ్చేదాకా ఆగుతాయి. వస్తువుల రూపం కట్టే త్రిభుజాలను పిక్సెళ్లుగా మార్చే భాగం, చిప్‌లోనే ఉండే చిన్న వేగవంతమైన క్యాష్ మెమరీ ఈ లెక్కలోకే రావు. అవి క్లాక్ వేగాన్ని బట్టి నడుస్తాయి, క్లాక్ పీఎస్5దే ఎక్కువ. పైగా పీఎస్5లో 16 జీబీ మెమరీ అంతా సెకనుకు 448 జీబీ వేగంతో అందుతుంది. సిరీస్ ఎక్స్‌లో 10 జీబీ 560 వేగంతో, మిగతా 6 జీబీ 336 వేగంతో. ఏ డేటా ఏ భాగంలో ఉండాలో గేమ్ తీసేవాళ్లే చూసుకోవాలి.

16.67 మిల్లీసెకన్లు

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. 30 ఫ్రేములైతే 33.3. కంట్రోలర్‌లో ఏ బటన్ నొక్కారో చదవడం, శత్రువులు ఏం చేయాలో తేల్చడం, ఎగిరిన పెట్టె ఎక్కడ పడుతుందో లెక్కగట్టడం, శబ్దం, చివరికి బొమ్మ గీయడం అన్నీ ఆ గడువులోనే. ఇందులో ఎక్కువ భాగం ప్రాసెసర్ పని, గీయడం గ్రాఫిక్స్ చిప్ పని. రెండూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఏది ఆలస్యమైతే ఫ్రేము దానికోసం ఆగుతుంది.

ఆలస్యం కొంచెమే కదా అనుకోవడానికి లేదు. 60 హెర్ట్జ్ టీవీ ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త బొమ్మ తీసుకుంటుంది. ఫ్రేము 17.5లో తయారైతే ఆ సమయం దాటిపోయినట్టే. బస్సు కదిలాక స్టాపుకు చేరినవాడికి ఒక్క నిమిషమే ఆలస్యమైందని మరో బస్సు వెంటనే రాదు కదా. పాత బొమ్మే ఇంకోసారి తెర మీద నిలబడి, కొత్తది 33.3 దగ్గర కనిపిస్తుంది. ఇలా ఒక ఫ్రేము 16, ఇంకోటి 33, మరోటి 50 మిల్లీసెకన్లు నిలిస్తే సగటు 30 అనే చూపిస్తుంది గానీ కంటికి కుదుపు తెలుస్తుంది. 2015లో వచ్చిన ‘బ్లడ్‌బోర్న్’ మీద వచ్చిన ఫిర్యాదు సరిగ్గా ఇదే. ఫ్రేములు 30 ఉన్నాయి, వాటి మధ్య ఎడం సమంగా లేదు. దీనికి బలం కన్నా ముందు కావలసింది ఫ్రేములను వరసగా, సమాన ఎడంతో పంపే కోడ్.

ఇప్పుడు తరం మారితే వచ్చే బలం ఎంత, ఖర్చు ఎంత అన్నది చూద్దాం. పీఎస్4 గ్రాఫిక్స్ చిప్ 1.84 టెరాఫ్లాప్‌లు, పీఎస్5 10.28. పెరిగింది సుమారు 5.6 రెట్లు. పీఎస్4లో 1080పీ, 30 ఫ్రేములతో నడిచిన గేమ్‌ను 4కే, 60 ఫ్రేములకు తేవాలనుకోండి. 1080పీలో పిక్సెళ్లు 20.7 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. అంటే నాలుగు రెట్లు. ఫ్రేములు రెట్టింపు. మొత్తం ఎనిమిది రెట్లు. పాత గేమ్‌లో ఒక్క గడ్డిపరక కూడా కొత్తగా మొలవకముందే వచ్చిన బలం చాలడం లేదు. కొత్త చిప్‌ల పనితీరు ఒక్కో టెరాఫ్లాప్‌కు కొంత మెరుగే, అయినా తేడా పూడదు. ఇక రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని అప్పటికప్పుడు లెక్కగట్టడం), అన్‌రియల్ ఇంజిన్ 5లోని లుమెన్ లాంటి వెలుగు లెక్కలు, లక్షల త్రిభుజాలున్న రాళ్లూ రప్పలూ చేరిస్తే ఎక్కడో కోత పెట్టక తప్పదు. అవీమ్ కోత పెట్టింది పిక్సెళ్లలో.

కొత్త కన్సోళ్లలో దాదాపు ప్రతి గేమ్‌కూ బొమ్మ నాణ్యతకు క్వాలిటీ మోడ్, ఎక్కువ ఫ్రేములకు పెర్‌ఫార్మెన్స్ మోడ్ అని రెండు ఉండడం ఈ కోత వల్లే. ఎక్కడ తగ్గించాలో తేల్చే పనిలో సగం ఆడేవాడికే అప్పజెప్పేశారు.

మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్‌లోనే. అక్కడ కసిగా ఆడేవాళ్లను గమనించండి. బీజీఎంఐలో గ్రాఫిక్స్‌ను ‘స్మూత్’కు దించేసి ఫ్రేమ్ రేట్‌ను ఫోన్ ఇచ్చినంత పైకి పెడతారు. ఖరీదైన ఫోన్ చేతిలో ఉన్నా అంతే. గెలవాలనుకునేవాడికి నీడలు అక్కర్లేదు, వేలు తాకిన వెంటనే తుపాకీ పేలితే చాలు.

ప్రాసెసర్: కనిపించని చోట దెబ్బ

పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఉన్నవి ఏఎండీ జాగ్వార్ కోర్లు. కరెంటు తక్కువ తాగాలని, చిన్న యంత్రాల కోసం రూపొందించిన రకం. పీఎస్4లో ఎనిమిది కోర్లు 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచేవి. 2013లో కూడా అది బలహీనమైన ప్రాసెసరే. గ్రాఫిక్స్ చిప్ మాత్రం బాగుంది. అందుకే ఆ తరం గేమ్‌లు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, ముట్టుకుంటే కదలని లోకాలుగానూ మిగిలాయి.

2009లో పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లలో వచ్చిన ‘రెడ్ ఫ్యాక్షన్: గెరిల్లా’లో సుత్తి పట్టుకుని భవనాన్ని గోడ గోడగా కూలగొట్టవచ్చు. ఏ స్తంభం విరిగితే పైకప్పు ఎటు ఒరుగుతుందో గేమ్ అప్పటికప్పుడు లెక్కగడుతుంది. తర్వాతి తరం పెద్ద గేమ్‌లలో అంతటి విధ్వంసం అరుదు. ప్రాసెసర్ బలహీనత ఒక కారణం. రెండోది, అందమైన వెలుగునీడలను ముందే లెక్కగట్టి గోడలకు అతికించే పద్ధతి. గోడ కూలితే అతికించిన నీడ గాలిలో మిగిలిపోతుంది. కాబట్టి గోడ కూలకూడదు. బొమ్మ అందంగా ఉండాలన్న పట్టుదలే ఆటలో ఒక పనికి అడ్డుపడింది. రే ట్రేసింగ్ అంటే నీటిలో ప్రతిబింబాలే అనుకునేవాళ్లకు దాని అసలు లాభం ఇక్కడ కనిపించాలి. వెలుగును అప్పటికప్పుడు లెక్కగట్టగలిగితే గోడలు మళ్లీ కూలవచ్చు, దీపాన్ని ఎక్కడికైనా జరపవచ్చు.

శత్రువుల తెలివితేటలది వేరే కథ. 2005లో పీసీలో వచ్చిన ‘ఫియర్’లో సైనికులు బల్ల తిరగేసి దాని వెనక దాక్కుంటారు, చుట్టు తిరిగి వెనకనుంచి వస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా మంచి శత్రువులకు ఉదాహరణగా ఆ పేరే చెబుతారు. దాని వెనకున్న ప్రణాళికా పద్ధతికి నేటి ప్రాసెసర్ బలంలో పిసరంత చాలు. శత్రువులు మొద్దుగా ఉన్నారంటే తప్పు చిప్‌ది అనలేం. రాసే మనిషికి ఇచ్చిన సమయం చాలకపోవడం వల్ల కావచ్చు, తెలివైన శత్రువు చేతిలో పదేపదే చచ్చే ఆటగాడు విసుగెత్తిపోతాడన్న భయం వల్లా కావచ్చు.

ప్రాసెసర్ నిజంగా అడ్డుపడిన తాజా ఉదాహరణ 2024 మార్చిలో వచ్చిన ‘డ్రాగన్స్ డాగ్మా 2’. అడవిలో ఫరవాలేదు. పట్టణంలోకి అడుగుపెట్టగానే ఫ్రేములు పడిపోతాయి. అక్కడి ప్రతి మనిషి ఎటు నడవాలి, ఎవరిని తప్పుకోవాలి అన్నది ప్రాసెసర్ లెక్కగడుతూ ఉంటుంది. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే గ్రాఫిక్స్ చిప్ అప్పటికే ఖాళీగా ఎదురుచూస్తోంది. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోలో గ్రాఫిక్స్ చిప్ 16.7 టెరాఫ్లాప్‌లకు పెరిగింది గానీ ప్రాసెసర్ పాతదే. క్లాక్‌ను 3.85 గిగాహెర్ట్జ్‌కు పెంచుకునే వీలుంది, అంటే పది శాతం. అందుకే ప్రో మీద ఈ గేమ్ పట్టణ వీధుల్లో పెద్దగా మారలేదు.

మెమరీ చాలకపోతే

2011 నవంబరులో ‘స్కైరిమ్’ వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360లో బాగానే నడిచింది. పీఎస్3లో మొదటి కొన్ని గంటలు బాగానే ఉండేది. పదుల గంటలు ఆడాక నెమ్మదించడం మొదలై, కొందరికి ఆడలేని స్థితికి వచ్చేది. నిజానికి కాగితం మీద బలమైనది పీఎస్3లోని సెల్ ప్రాసెసరే.

రెండు కన్సోళ్లలోనూ మెమరీ 512 ఎంబీ. 360లో అదంతా ఒకే ముద్ద. గేమ్‌కు ఎటు కావాలంటే అటు వాడుకోవచ్చు. పీఎస్3లో 256 ఎంబీ ప్రాసెసర్‌కు, 256 ఎంబీ గ్రాఫిక్స్‌కు అని విడగొట్టారు. అందులో కొంత సిస్టమ్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది. స్కైరిమ్ లాంటి గేమ్‌లో మీరు ఒక ఇంట్లో బల్ల మీద గిన్నెను నేలకేసి కొడితే, కాసేపటి తర్వాత తిరిగి వచ్చినా అది నేలమీదే ఉండాలి. ఎత్తిన ప్రతి కత్తి, చచ్చిన ప్రతి తోడేలు, తెరిచిన ప్రతి పెట్టె జాబితాకెక్కుతుంది. ఆడేకొద్దీ సేవ్ ఫైలు ఉబ్బుతుంది. ప్రాసెసర్ వైపు 256 ఎంబీ నిండిపోతే, గ్రాఫిక్స్ వైపు ఖాళీ ఉన్నా సులువుగా వాడుకోలేరు. ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వేశారు. ‘డాన్‌గార్డ్’ అదనపు కథ 360కి 2012 జూన్‌లో వస్తే పీఎస్3కి 2013 ఫిబ్రవరి దాకా రాలేదు.

సెల్‌లో గేమ్‌ల చేతికొచ్చే సహాయక కోర్లు ఆరు. ఒక్కోదానికి సొంత మెమరీ 256 కేబీ. పనిని చిన్న ముక్కలుగా నరికి, డేటాను చేత్తో మోసినట్టు అటూ ఇటూ పంపిస్తేనే అవి పనిచేస్తాయి. మొదట్లో చాలా స్టూడియోలకు అది చేతకాలేదు. అదే యంత్రం మీద 2013లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ వచ్చింది. 2006లో వచ్చిన తొలి గేమ్‌ల పక్కన పెడితే వేరే కన్సోల్ అనిపిస్తుంది. హార్డ్‌వేర్ మారలేదు, ఏడేళ్లలో చేతివాటం పెరిగింది. కొత్త కన్సోల్ కొన్న మొదటి ఏడాదే గేమ్‌ల స్థాయిని తేల్చేసేవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు.

మెమరీ పేచీ ఇప్పటికీ ఉంది. సిరీస్ ఎస్‌లో ఉన్నది మొత్తం 10 జీబీ. ‘బాల్డర్స్ గేట్ 3’ పీఎస్5లో 2023 సెప్టెంబరులో వచ్చినా ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఇద్దరు ఒకే టీవీని రెండుగా చీల్చి ఆడుకునే సౌకర్యం సిరీస్ ఎస్‌లో కుదరకపోవడమే కారణం. ఇద్దరూ పట్టణంలో చెరో మూల ఉంటే రెండు చోట్ల డేటా మెమరీలో ఉండాలి మరి. చివరికి ఆ సౌకర్యం లేకుండానే సిరీస్ ఎస్ వెర్షన్ విడుదల చేశారు. రెజల్యూషన్ తగ్గించి దాటేసే ఇబ్బంది కాదిది. 2025 ఏప్రిల్ ప్యాచ్ వచ్చేదాకా ఒకే టీవీ మీద ఇద్దరు కలిసి ఆడే వీలే లేకపోయింది.

ఎస్ఎస్‌డీ: ఈ తరంలో దక్కిన నిజమైన లాభం

పీఎస్4 హార్డ్ డిస్క్‌లో చదివే ముల్లు డిస్క్ మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి. డేటా చెల్లాచెదురుగా ఉంటే వేగం సెకనుకు కొన్ని పదుల ఎంబీకి పడిపోతుంది. 2018 నాటి ‘స్పైడర్ మ్యాన్’లో ఊరి మీద ఊగుతూ పోతుంటే ప్రతి వీధినీ ముల్లు పరిగెత్తుతూ తేవాలి. అందుకని ఒకే పోస్టు డబ్బా బొమ్మను ఒక్కో వీధి డేటాతో పాటు మళ్లీ మళ్లీ రాసి ఉంచేవారు. కొన్ని వస్తువులకు డిస్క్ మీద 400 దాకా నకళ్లు ఉండేవని పీఎస్5 రూపశిల్పి మార్క్ సెర్నీ 2020 మార్చి ప్రసంగంలో చెప్పారు. హీరో ఎంత వేగంగా ఊగవచ్చన్నదానికి కూడా ఆ ముల్లే హద్దు.

ఎస్ఎస్‌డీ అంటే కదిలే భాగాలు లేని, చిప్‌లతో చేసిన స్టోరేజ్. పీఎస్5లో దాని వేగం సెకనుకు 5.5 జీబీ. నకళ్లు అక్కర్లేదు, ముల్లు లేదు. సోనీ 2019లో చూపించిన ప్రదర్శనలో స్పైడర్ మ్యాన్ లోడింగ్ 8 సెకన్ల నుంచి ఒక సెకను లోపుకు వచ్చింది. మీరు గమనించారో లేదో, పాత తరం గేమ్‌లలో హీరో గోడల మధ్య ఇరుకు సందులోంచి పక్కకు తిరిగి మెల్లగా దూరే సన్నివేశాలు తెగ ఉండేవి. వెనక లోడింగ్ జరగడానికి వేసిన ఎత్తు అది. ఎస్ఎస్‌డీ వచ్చాక వాటికి కారణమే లేదు. (అలవాటు కొద్దీ కొందరు ఇంకా పెడుతున్నారు.)

ఇక్కడా ప్రకటనల మాట ఒక మెట్టు పైనే ఉంటుంది. 2021 జూన్‌లో వచ్చిన ‘రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్’లో హీరోలు ఒక లోకంలోంచి ఇంకో లోకంలోకి క్షణంలో దూకుతారు. పీఎస్5 ఎస్ఎస్‌డీ లేకుండా సాధ్యం కాదన్నట్టే ప్రచారం సాగింది. 2023 జులైలో పీసీకి వచ్చింది. మామూలు ఎస్ఎస్‌డీలో బాగానే నడిచింది. హార్డ్ డిస్క్‌లో సైతం, దూకే చోట కొన్ని సెకన్లు తటపటాయిస్తూ, నడిచింది. అలాగే ‘హెల్‌డైవర్స్ 2’ పీసీ వెర్షన్ హార్డ్ డిస్క్ వాడేవారి కోసమని నకళ్లతో నింపి సుమారు 150 జీబీకి పెరిగింది. 2025 చివర్లో నకళ్లు తీసేస్తే 23 జీబీకి దిగింది. తీరా చూస్తే హార్డ్ డిస్క్‌లో లోడింగ్ సమయం కొన్ని సెకన్లే పెరిగింది, ఎందుకంటే అందులో ఎక్కువసేపు పట్టేది యుద్ధరంగాన్ని తయారుచేసే లెక్కకే. కొలిచి చూడకుండా వేసుకున్న అంచనా వల్ల అందరి డిస్కుల్లోనూ వంద జీబీకి పైగా వృథా.

బలం పెరిగి ఆట చెడిన సందర్భాలు

నెట్ సెంటర్లలో గంటల లెక్కన జీటీఏ గేమ్‌లు ‘వైస్ సిటీ’, ‘శాన్ ఆండ్రియాస్’ ఆడిన తరానికి ఈ ఉదాహరణ వెంటనే అర్థమవుతుంది. 2004లో పీఎస్2కు ఉన్న మెమరీ 32 ఎంబీ, వీడియో మెమరీ 4 ఎంబీ. శాన్ ఆండ్రియాస్ పటం అటూ ఇటూ ఆరేసి కిలోమీటర్లు. అందులో మూడు నగరాలు, ఎడారి, అడవి. దూరాన ఉన్నది గీయలేక పొగమంచులాంటి మసక కప్పారు. ఆ మసక వల్ల కొండ ఎక్కి చూస్తే అవతల ఇంకా ఎంత ఉందో తెలియదు, లోకం అంతులేనిదిగా అనిపించేది. 2021 నవంబరులో వచ్చిన ‘డెఫినిటివ్ ఎడిషన్’లో బలం ఉంది కదా అని మసక తీసేశారు. చిలియాడ్ కొండ మీద నిలబడితే మూడు నగరాలూ అరచేతిలో పెట్టినట్టు కనిపించాయి. రాష్ట్రమంతా తిరిగినట్టనిపించిన చోటు చిన్న ఊరి నమూనాలా తేలిపోయింది. గేమ్‌కు సొంతంగా మార్పులు (మోడ్లు) తయారుచేసే అభిమానులు మసకను తిరిగి పెట్టారు. 2024 నవంబరు ప్యాచ్‌తో కంపెనీయే పాత వెలుగును తెచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’. తెర మీద 55 గ్రహాంతరవాసులు. ఆ చిప్ ఒక్కో ఫ్రేముకు ఒక్కదాన్నే జరపగలదు. 55నూ ఒక్కో అడుగు వేయించేసరికి దాదాపు సెకను పడుతుంది. కాల్చేకొద్దీ మిగిలినవి తగ్గుతాయి, వేగం పెరుగుతుంది. చివరి ఒక్కటి ప్రతి ఫ్రేముకూ కదులుతూ పిచ్చిపట్టినట్టు పరిగెడుతుంది. సృష్టికర్త నిషికాడో తొమోహిరో దాన్ని సరిచేయకుండా వదిలేశారు. ఆడేకొద్దీ కష్టం పెరగడం అనే సూత్రం ఆ చిప్ చేతకానితనంలోంచి వచ్చింది.

ఇలాంటివి చూపించి పరిమితులే సృజనకు తల్లి అని పాట పాడేవాళ్లున్నారు. దాన్ని పూర్తిగా నమ్మనక్కర్లేదు. 2005లో పీఎస్2లో వచ్చిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ గొప్ప గేమే. కానీ పెద్ద రాక్షసుడి మీదికి ఎక్కేటప్పుడు ఫ్రేములు 20 లోపుకు పడిపోయేవి. ఆ నత్తనడక వల్ల గేమ్‌కు ఒరిగింది ఏమీ లేదు. 2011లో పీఎస్3 వెర్షన్‌లో అది పోతే ఎవరూ బాధపడలేదు. రూపకర్త గమనించి, వాడుకున్న పరిమితి వేరు, భరించిన పరిమితి వేరు.

నింటెండో ‘జెల్డా’ సిరీస్‌లోని ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ను ఈ వెలుగులో చూడండి. 2023 మేలో వచ్చింది. నడిచింది 2017 నాటి నింటెండో స్విచ్ మీద. మెమరీ 4 జీబీ, టీవీకి తగిలించినప్పుడు గ్రాఫిక్స్ బలం 0.4 టెరాఫ్లాప్ లోపు, పీఎస్4లో నాలుగో వంతు కూడా కాదు. ఆ గేమ్‌లో చెక్కలు, చక్రాలు, ఫ్యాన్లు అతికించి మీకు తోచిన బండి కట్టుకోవచ్చు, అది బరువును బట్టి ఒరుగుతుంది, తేలుతుంది, పల్టీ కొడుతుంది. ముందు భాగానికీ దీనికీ మధ్య ఆరేళ్లు పట్టింది. మోటు యంత్రం మీద నాజూకు పని. కానీ వస్తువులు అతికించే సమయంలో ఫ్రేములు 30 నుంచి 20 దాకా జారేవి. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో అదే గేమ్ 60తో నడుస్తుంది. గేమ్‌లో కొత్త ఆలోచన ఒక్కటీ చేరలేదు, ఆడటం మాత్రం హాయిగా ఉంది. హార్డ్‌వేర్ బలం ఒక్కటే పెరిగితే దక్కేది ఇంత, ఇంతకు తక్కువా కాదు.

అమ్మకాల సంగతి రెండు ముక్కల్లో. పీఎస్2 తన తరంలో ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్‌ల కన్నా బలహీనం, 15 కోట్లు దాటి అమ్ముడైంది. నింటెండో వీ తన తరంలో అన్నిటికన్నా బలహీనం, 10 కోట్లు దాటింది. 1989 నాటి గేమ్ బాయ్‌కు రంగులే లేవు, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచేది. రంగుల గేమ్ గేర్ ఆరు సెల్స్‌ను నాలుగైదు గంటల్లో మింగేసేది. ఎవరు గెలిచారో తెలిసిందే. అయితే ఎక్కువ అమ్ముడైనదే బాగుందని అర్థం కాదు కాబట్టి ఈ వాదనను ఇంతకన్నా సాగదీయడం అనవసరం.

అమ్మకాల కన్నా పట్టించుకోవలసింది ఖర్చు. 2023లో అమెరికా కోర్టు పత్రాల్లో సరిగా చెరిపేయకపోవడం వల్ల బయటపడిన సోనీ లెక్కల ప్రకారం ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్’కు 21.2 కోట్ల డాలర్లు అయ్యాయి. చిప్ ఎక్కువ త్రిభుజాలు గీయగలదంటే వాటిని ఎవరో ఒకరు కూర్చుని తయారుచేయాలి. 4కేలో ముఖం మీద గీతలు కనిపిస్తాయంటే ఆ గీతలు ఒకరు చెక్కాలి. ఇంత డబ్బు పెట్టినవాడు కొత్త ప్రయోగం చేయడానికి జంకుతాడు, పాత విజయానికే కొనసాగింపు తీస్తాడు. 2024లో ఏటి మేటి గేమ్ అవార్డుకు పోటీపడిన ఆరింటిలో ‘బలాట్రో’ ఒకటి. ఒక్క మనిషి తయారుచేసిన పేకముక్కల గేమ్, ఫోన్‌లో కూడా నడుస్తుంది.

కొనేముందు, కొన్నాక

కొత్త కన్సోల్‌కు డబ్బు కూడబెట్టే ముందు టీవీ మెనూ తెరిచి గేమ్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనులు నడుస్తుంటే చాలా టీవీలు 50 నుంచి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపిస్తాయి. 30 నుంచి 60 ఫ్రేములకు మారితే ఫ్రేముకు కలిసొచ్చేది 16.67 మిల్లీసెకన్లే. పైసా ఖర్చులేని ఈ సెట్టింగే ముందు మార్చాలి.

టీవీ డబ్బా మీద ‘మోషన్ రేట్ 120’ లాంటి మాట ఉంటే అది 120 హెర్ట్జ్ ప్యానెల్ అని కాదు, చాలాసార్లు లోపల 60 హెర్ట్జే. స్పెసిఫికేషన్లలో నేటివ్ రిఫ్రెష్ రేట్ చూడాలి. 120 హెర్ట్జ్ నిజంగా ఉంటే చాలా గేమ్‌లలో 40 ఫ్రేముల మోడ్ దొరుకుతుంది, పీఎస్5లో రాచెట్ దాన్ని ముందుగా తెచ్చినవాటిలో ఒకటి. 40 అంటే 30కి దగ్గర అనిపిస్తుంది గానీ సమయంలో అది 25 మిల్లీసెకన్లు, 33.3కీ 16.67కీ సరిగ్గా మధ్య. బొమ్మ నాణ్యత పెద్దగా వదులుకోకుండా సగం లాభం వస్తుంది. టీవీలో వీఆర్‌ఆర్ (ఫ్రేము సిద్ధమైనప్పుడే బొమ్మ మార్చే పద్ధతి) ఉంటే 17.5 మిల్లీసెకన్ల ఫ్రేము పాత గడువు కోసం ఆగకుండా వెంటనే తెరకెక్కుతుంది. పీఎస్5కు దీనికోసం హెచ్‌డీఎంఐ 2.1 టీవీ ఉండాలి, పైగా పనిచేసేది 48 నుంచి 120 మధ్యే. 40కి పడిపోయే గేమ్‌ను అది చాలాసార్లు కాపాడదు. ఎక్స్‌బాక్స్ మాత్రం ఫ్రీసింక్ (ఏఎండీ తరహా వీఆర్‌ఆర్) ఉన్న హెచ్‌డీఎంఐ 2.0 టీవీలతోనూ సర్దుకుంటుంది.

మే ఎండల్లో ఫ్రేములు పడిపోతాయేమోనన్న భయం చాలామందిది. పీఎస్5 క్లాక్ వేగం గది వేడిని బట్టి మారదు. ఎంత పని చేస్తోందన్నదాన్ని బట్టి ముందే రాసిపెట్టిన సూత్రం ప్రకారం మారుతుంది. రామగుండంలో ఉన్నా ఊటీలో ఉన్నా ఒకే లెక్క. వేడికి ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది, మరీ మించితే హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. అంతేగానీ చాటుగా నెమ్మదించదు. టీవీ స్టాండ్ అరలో మూసిపెట్టకుండా, దుమ్ము రంధ్రాలు అప్పుడప్పుడు వ్యాక్యూమ్‌తో శుభ్రం చేస్తే చాలు.

స్టోరేజ్ పెంచాలంటే పీఎస్5లో అదనపు ఎస్ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 స్లాట్ ఉంది. జెన్ 4 ఎన్‌వీఎంఈ డ్రైవ్, సెకనుకు 5,500 ఎంబీ చదివే వేగం, హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు మించకూడదు. ఎక్కువమంది పొరపడేది ఆ మందం దగ్గరే. 7,000 వేగం డ్రైవ్‌కు ఎక్కువ డబ్బు పెట్టినా గేమ్‌లో తేడా కనిపించదు. పీఎస్4 గేమ్‌లను మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో ఉంచి అక్కడినుంచే ఆడుకోవచ్చు, పీఎస్5 గేమ్‌లకు ఆ వీలు లేదు.

ప్రో మోడల్ మీద మనసున్నవారికి ఒక మాట: 2024 నవంబరులో అది విడుదలైనప్పుడు ఇండియాను సోనీ పక్కనపెట్టింది, వై-ఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఇక్కడ అప్పటికి అనుమతి లేదన్న కారణంతో. బయటినుంచి తెప్పించుకునేవారు వారంటీ ఎక్కడ చెల్లుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

‘ఎల్డెన్ రింగ్’ ఆడబోయేవారికి ఇంకో చిట్కా. దాని పీఎస్5 వెర్షన్ పెర్‌ఫార్మెన్స్ మోడ్‌లోనూ 60 దగ్గర నిలవదు, ఊగిసలాడుతుంది. పీఎస్5 కన్సోల్‌లోనే గేమ్ పీఎస్4 వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసుకుంటే గడ్డి కొంచెం పల్చబడుతుంది, రెజల్యూషన్ తగ్గుతుంది, 60 మాత్రం దాదాపు కదలకుండా నిలుస్తుంది. హోమ్ స్క్రీన్‌లో గేమ్ మీద ఆప్షన్స్ నొక్కితే వెర్షన్ ఎంచుకునే చోటు కనిపిస్తుంది. పీఎస్4 వెర్షన్‌లో ఆడిన సేవ్‌ను తర్వాత పీఎస్5 వెర్షన్‌కు తీసుకెళ్లవచ్చు. పీఎస్5 నుంచి పీఎస్4కు వెనక్కి తేలేరు. కాబట్టి ఏది కావాలో కొత్త పాత్రను మొదలుపెట్టకముందే తేల్చుకోండి.